డ్రాయింగ్ నేర్చుకునేవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

బొమ్మలు గీయడం నేర్చుకుందామని మొదలుపెట్టినవాళ్లకు ఎక్కడ చూసినా దొరికే సలహా ఒకటే: "రోజూ గీయండి, ఒక్క రోజు కూడా మానొద్దు." మొదటి నెలా రెండు నెలలూ అది బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత స్కెచ్‌బుక్ తెరవాలంటేనే ఒళ్లు బరువెక్కుతుంది. తెరిచినా మొదటి గీత పడకముందే చెయ్యి ఫోను వైపు పోతుంది. గీసింది చూస్తే చిరాకు, ఇంకొకరిది చూస్తే మరింత చిరాకు. చివరికి "మనకిది రాసిపెట్టి లేదు" అనుకుని పెన్సిళ్లు డబ్బాలో పడేసి మూత పెట్టేస్తారు. ఇలా మానేసినవాళ్లలో చాలామందికి చేతిలో లోటేమీ ఉండదు. లోటంతా సాధన చేసిన తీరులో ఉంటుంది. గీసే ప్రతి కాగితాన్నీ పరీక్ష పేపరు చేసుకున్నారు. రోజూ పరీక్ష రాయమంటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. ఇందులోంచి బయటపడే దారి మీ పాఠకులకు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

బర్నవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం, అనే మాట ఈమధ్య ప్రతిదానికీ వాడేస్తున్నాం. 2019లో ఆమోదం పొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు దాన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొంది. శక్తి హరించుకుపోవడం, చేసే పని మీద విముఖత, పని సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావన అని మూడు లక్షణాలు చెప్పింది. జీవితంలోని ఇతర విషయాలకు ఆ పేరు వాడొద్దని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఇష్టంకొద్దీ బొమ్మలు నేర్చుకునేవారికి ఆ ముద్ర వేయడం వైద్యపరంగా సరికాదు. కానీ ఆ మూడు లక్షణాలూ ఎవరికి వారు పరిశీలించుకోవడానికి బాగా పనికొస్తాయి. ఎందుకంటే డ్రాయింగ్‌లో అలసట మూడు చోట్ల పుడుతుంది: ఒంట్లో, కంట్లో, మనసులో. మూడింటికీ మందు ఒకటి కాదు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, బాగుచేయడం మాత్రం అన్నిటికంటే తేలిక. కొత్తగా నేర్చుకునేవాళ్లు పెన్సిల్‌ను రాతకు పట్టుకున్నట్టే మొనకు దగ్గరగా, వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. గీత మొత్తం మణికట్టు నుంచే వస్తుంది. అరగంటకల్లా బొటనవేలి మొదట్లో నొప్పి, నడివేలి మీద గుంట. దీనికి తోడు చేతిలో ఉన్నది మామూలుగా రాసుకునే హెచ్‌బీ పెన్సిల్ అయితే నలుపు రావడం కోసం ఇంకా గట్టిగా నొక్కుతారు. కాగితంలో గాడి పడుతుంది. ఆ గాడిని రబ్బరు తీయలేదు. రుద్దేకొద్దీ కాగితం నూగు లేచి, ఆ తర్వాత వేసే షేడింగ్ (వెలుగునీడలు చూపే నలుపు) మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆ మచ్చలు చూసి తనకు షేడింగే రాదని నిరాశపడిపోతారు. నిజానికి అక్కడ తప్పిందల్లా పెన్సిల్ ఎంపిక. ముదురు భాగాలకు 4బీ గానీ 6బీ గానీ, అంటే ఇంకా మెత్తగా, నల్లగా రాసే పెన్సిల్, తీసుకుంటే నొక్కకుండానే నలుపు వస్తుంది. పెన్సిల్‌ను మొనకు ఏడెనిమిది సెంటీమీటర్ల వెనక పట్టుకుని, పొడవు గీతలకు భుజం నుంచి చెయ్యి కదపాలి. బోర్డు కింద రెండు లావు పుస్తకాలు పెట్టి 20, 30 డిగ్రీల వాలు ఇస్తే మెడ వంచాల్సిన పని తగ్గుతుంది. కాగితం పై భాగం దూరమై బొమ్మ సాగినట్టు రావడం కూడా దాంతోనే తగ్గుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఓ ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలి, అరగంటకోసారి లేచి నిలబడాలి. ఇవన్నీ చేశాక కూడా నొప్పి తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా సాధన ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పిని ఓర్చుకోవడం పట్టుదల కాదు.

రెండోది కంటి అలసట. చూపు మందగించడం గురించి కాదు నేను చెప్పేది. కొన్ని నెలలు శ్రద్ధగా గీస్తే కన్ను చేతికంటే ముందు పదునెక్కుతుంది. ఆర్నెల్ల కిందట కనిపించని తప్పులు ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చెయ్యి మాత్రం ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. దాంతో "రానురాను నా బొమ్మ చెడిపోతోంది" అనిపిస్తుంది. మంచి విద్యార్థులు ఎక్కువగా మానేసేది ఇక్కడే, ఎందుకంటే వాళ్ల కన్నే అందరికంటే త్వరగా పదునెక్కుతుంది. ఇది అవునో కాదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మూడు నాలుగు నెలల కిందటి బొమ్మ ఒకటి తీసి ముందు పెట్టుకుని, అందులో తప్పులు రాయండి. గీసిన రోజున తెలియని తప్పులు ఇప్పుడు నాలుగైదు దొరికాయంటే మీరు వెనక్కి పోలేదు, కన్ను ముందుకు పోయింది. అలాంటప్పుడు విశ్రాంతి తీసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. తప్పుల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి ఎంచుకుని, దాన్ని చిన్న అభ్యాసంగా మార్చుకోవాలి.

అదెలాగో ఒక మామూలు కప్పు పెట్టుకుని చూద్దాం. కప్పు గీయమంటే దాదాపు అందరూ చేసే తప్పులు రెండు. కప్పు మూతిని రెండు వంపులుగా విడివిడిగా గీసి, రెండు కొసల దగ్గర కలుపుతారు. ఆ కొసలు మొనదేలి నిమ్మకాయలా కనిపిస్తాయి. ఇక అడుగు భాగాన్ని తిన్నటి గీతగా గీస్తారు. కప్పు బల్ల మీద సమంగా కూర్చుందని బుద్ధికి తెలుసు కాబట్టి చెయ్యి కంటి మాట వినకుండా బుద్ధి మాట వింటుంది. ఇక సవరణ చూడండి. ముందు కప్పు మధ్యగా నిలువు గీత ఒకటి సన్నగా వేయండి. మూతి కోసం దానికి అడ్డంగా, తొంభై డిగ్రీలకు, వెడల్పు గుర్తు పెట్టుకోండి. పక్క నుంచి చూస్తే గుండ్రటి మూతి కోడిగుడ్డులా సాగిన వలయంగా కనిపిస్తుంది, దాన్నే ఎలిప్స్ అంటారు. ఇప్పుడు పెన్సిల్ కాగితానికి తగలకుండా ఆ ఎలిప్స్ చుట్టూ గాలిలో రెండు మూడుసార్లు చెయ్యి తిప్పి, అదే ఊపులో కాగితం మీదికి దింపి, ఆపకుండా రెండు చుట్లు తిప్పేయండి. కొసలు వాటంతట అవే గుండ్రబడతాయి. చెయ్యి ఆగి దిశ మార్చుకుంటేనే మొన వస్తుంది. ఆగకపోతే రాదు. అడుగు ఎలిప్స్ కూడా మొత్తం గీయండి, వెనక సగం కనిపించకపోయినా సరే. పై నుంచి చూస్తున్నప్పుడు అడుగు మన కంటి ఎత్తుకు ఇంకా దూరంగా ఉంటుంది కాబట్టి అది మూతికంటే కాస్త ఎక్కువ విచ్చుకుని, గుండ్రంగా కనిపించాలి. నమ్మకం కుదరకపోతే కప్పును కంటి ఎత్తుకు ఎత్తి చూడండి, మూతి గీతలా మారిపోతుంది. అక్కణ్నుంచి మెల్లగా దించుతూ నాలుగు ఎత్తుల్లో నాలుగు ఎలిప్స్‌లు గీయండి. పావుగంట పని. పిడి జోలికి ఈ రోజు పోవద్దు, అది రేపటిది.

ఈ పావుగంటలో జరిగిందేమిటి? తప్పు ఎక్కడుందో తెలిసింది, ఎందుకు వస్తోందో తెలిసింది, పోయిందో లేదో కళ్లముందే తేలిపోయింది. "నా బొమ్మలు బాగోలేవు" అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. "నా ఎలిప్స్ కొసలు మొనదేలుతున్నాయి" అన్న మాటతో చేయగలిగిన పని బోలెడుంది. మనిషిని కుంగదీసే అసంతృప్తిలో సగం ఇలా పేరు పెట్టగానే పోతుంది.

అయితే అభ్యాసాలకూ హద్దు ఉండాలి. వంద పెట్టెలు, రెండొందల పెట్టెలు ఒకే ఊపులో గీయమని చెప్పేవాళ్లున్నారు. మొదటి పాతిక పెట్టెల్లో శ్రద్ధ ఉంటుంది. ఆ తర్వాత చెయ్యి దానంతటది నడుస్తుంది, కన్ను నిద్రపోతుంది. అప్పుడు పడే ప్రతి తప్పూ మరమ్మతు కాకుండా అలవాటైపోతుంది. వరసగా మూడింటిలో అదే తప్పు వస్తే అక్కడితో ఆపేయాలి. ఆ మూడింటినీ ఎర్ర పెన్నుతో సరిచేసి, నాలుగోది నెమ్మదిగా గీసి, ఆ రోజుకు వేరే పనిలోకి వెళ్లాలి.

ఇక అసలైనది, మనసు అలసట. ఒంట్లో నొప్పి లేదు, తప్పులేమిటో తెలుసు, అయినా గీయబుద్ధి కావడం లేదు. దీనికి మొదటి మందు పూర్తి విరామం. వారం నుంచి పది రోజులు పెన్సిల్ ముట్టుకోవద్దు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పెన్సిల్ పక్కన పెట్టి, ఆ సమయమంతా ఇతరులు గీసే వీడియోలు చూస్తూ కూర్చుంటారు. అది విశ్రాంతి కాదు. చూసే ప్రతి నిమిషమూ పోలికే. మూడు గంటల పనిని మూడు నిమిషాలకు కుదించిన వీడియో చూసి తన మూడు గంటల పనితో పోల్చుకునేవాడు ఓడిపోక ఏమవుతాడు? అందుకని ఆ పది రోజులూ డ్రాయింగ్ వీడియోలు వద్దు, చూసి గీయడానికి రిఫరెన్స్ ఫొటోలు పోగేయడమూ వద్దు. నడక, నిద్ర, చేతులకు వేరే పని. అంతే.

"పది రోజులు మానేస్తే నేర్చుకున్నది పోతుందేమో" అన్న భయం అక్కర్లేదు. చేతి నైపుణ్యాలు అంత తేలిగ్గా చెరిగిపోయేవి కావు. తిరిగి పట్టుకున్న మొదటి ఒకటి రెండు రోజులు గీత తడబడుతుంది, తర్వాత దారిన పడుతుంది. పైగా నేర్చుకున్నది స్థిరపడేది గీస్తున్నప్పుడు మాత్రమే కాదు, నిద్రలోనూ, విరామంలోనూ కూడా. వారాంతంలో నాలుగు గంటలు ఏకబిగిన కూర్చోవడంకంటే వారంలో నాలుగు రోజులు గంట గంట గీయడం మేలని చెప్పేది ఇందుకే. అలాగే ఒకే అంశాన్ని గంటసేపు రుద్దడంకంటే రెండు మూడు అంశాలు మార్చి మార్చి చేస్తే ఆ పూటకు ఫలితం తక్కువగా కనిపించినా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ పూట ఫలితాన్నే చూసి బెంగపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విరామం తర్వాత తిరిగి మొదలుపెట్టే తీరు చాలా ముఖ్యం. పాత పద్ధతిలోకే దూకితే నెల తిరక్కుండా మళ్లీ అక్కడికే వస్తారు. మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. ఖరీదైన స్కెచ్‌బుక్ లోపల పెట్టేయండి. మంచి పుస్తకం పాడవుతుందన్న భయంతోనే చెయ్యి బిగుసుకుంటుంది. విడి కాగితాలు, ఒకవైపు వాడేసినవైనా ఫరవాలేదు, ఒక బాల్‌పెన్ను తీసుకోండి. పెన్ను ఎందుకంటే చెరపడానికి వీలుండదు కాబట్టి. చెరిపే వీలుంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు రబ్బరుకే పోతాయి. గీత తప్పితే దాని పక్కనే సరైన గీత వేసి ముందుకు పోవడమే. ఫోనులో పది నిమిషాలకు గంట పెట్టుకోండి. గంట మోగగానే, మంచి ఊపులో ఉన్నా సరే, లేచిపోండి. ఇంకా గీయాలని ఉండగా లేచినవాడు మర్నాడు తనంతట తానే వచ్చి కూర్చుంటాడు. ఓపిక అయిపోయేదాకా కూర్చున్నవాణ్ని మర్నాడు బతిమాలి తీసుకురావాలి.

ఆ పది నిమిషాల్లో ఏం గీయాలన్నది ముందు రోజే అనుకుని పెట్టుకోవాలి. సగం శక్తి "ఏం గీద్దాం?" అన్న ఆలోచనకే ఖర్చవుతుంది. ఇంట్లో కనిపించే పది వస్తువుల పేర్లు చీటీ మీద రాసి బోర్డుకు గుచ్చుకోండి: చెప్పు, తాళంచెవుల గుత్తి, మడత పెట్టిన తువ్వాలు, కత్తెర, సీసా. ఒక రోజు కాగితం వైపు చూడకుండా, కన్ను వస్తువు అంచు వెంట ఎంత నెమ్మదిగా కదిలితే పెన్నూ అంతే నెమ్మదిగా కదిలేలా గీయండి. బొమ్మ వంకరటింకరగా వస్తుంది, రావాలి కూడా. ఈ అభ్యాసానికి బొమ్మ బాగుండాలన్న షరతే లేదు. అలసినవాళ్లకు ఇది పనికొచ్చేది అందుకే. ఇంకో రోజు కుర్చీని గీయకుండా, కాళ్ల మధ్య ఖాళీలను మాత్రమే గీయండి. ఖాళీకి పేరు లేదు కాబట్టి "కుర్చీ ఇలా ఉండాలి" అన్న పాత అభిప్రాయం అడ్డురాదు, కొలతలు సరిగ్గా వస్తాయి. మరో రోజు నిలబడ్డ మనుషులను ఒక్కొక్కరికి ముప్ఫై సెకన్ల చొప్పున: తల, వెన్ను వంపు, బరువు ఏ కాలి మీద ఉందో ఆ కాలు. ముఖాలు, వేళ్లు వద్దు.

రెండో వారం ఇరవై నిమిషాలు, మూడో వారం నుంచి అరగంట, వారానికి నాలుగైదు రోజులు. ఇందులో సగం సమయం సాధనకు, సగం మీకు నచ్చింది గీయడానికి. ఈ రెండో సగాన్ని బహుమానం అనుకుని, "ముందు సాధన పూర్తవనీ" అని వాయిదా వేస్తూ పోతే అది ఎప్పటికీ రాదు. వారంలో రెండు రోజులు దాంతోనే మొదలుపెట్టండి. కామిక్స్ గీయాలనే కోరికతో వచ్చినవారి చేత నెలల తరబడి గోళాలు, ఘనాలు గీయిస్తే విరక్తి పుట్టక ఏమవుతుంది? గోళం షేడింగ్ నేర్పిన రోజే అదే కాంతిని నుదుటి మీద, చెంప మీద చూపిస్తే ఆ గోళానికి అర్థం దొరుకుతుంది. పక్షులు ఇష్టమైతే గుడ్డు ఆకారంతో మొదలై అదే రోజు పిచ్చుక దాకా వెళ్లొచ్చు.

సొంతంగా ఆలోచించే ఓపిక లేని రోజుల్లో నకలు తీయడం మంచి మందు. ఏ గీత ఎక్కడ పడాలన్న నిర్ణయాలు ఇంకొకరు చేసి పెట్టారు కాబట్టి బుద్ధికి విశ్రాంతి, చేతికి పని. నకలు తీయడం చిన్నతనం అనుకునేవాళ్లకు ఒక్క సంగతి. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1880లో, 27వ ఏట, చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నాక ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ బార్గ్ డ్రాయింగ్ కోర్సులోని ప్లేట్లు (చూసి గీయడానికి అచ్చువేసిన నమూనా బొమ్మలు) ముందు పెట్టుకుని నకళ్లు గీశాడు. చివరి ఏడాది 1890లో, అప్పటికి అన్ని గొప్ప చిత్రాలు వేసేశాక కూడా, మళ్లీ ఆ అభ్యాసాలే తెప్పించుకున్నాడు. నకలు అని కాగితం మూల రాసుకుని, ఎవరి బొమ్మో పేరు పెడితే ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

ఆన్‌లైన్ సవాళ్ల గురించి కూడా చెప్పాలి. అక్టోబరు నెలంతా రోజుకో సిరా బొమ్మ గీసే ఇంక్‌టోబర్ చాలామందికి తెలుసు. అమెరికన్ చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో తన సిరా పని మెరుగుపరుచుకోవడానికి మొదలుపెట్టినది అది. అప్పటికే ఆయనకు అది వృత్తి. నేర్చుకుంటున్నవాళ్లు అదే లెక్కను నెత్తిన పెట్టుకుని పదో రోజుకల్లా చతికిలపడతారు, ఒక్క రోజు తప్పితే మొత్తం పోయిందని వదిలేస్తారు. రోజు విడిచి రోజు గానీ, వారానికి ఒకటి గానీ గీసినా చాలని ఆ సవాలు నియమాల్లోనే చెప్పారు. ఎవరూ అంతదాకా చదవరు. ఇలాంటివాటిలో చేరేవాళ్లు తమ వేగాన్ని ముందే రాసి పెట్టుకోవాలి. కోలుకుంటున్న నెలలో మాత్రం గీసింది ఎక్కడా పెట్టకపోవడమే మేలు. ఎవరైనా చూస్తారని తెలిస్తే చెయ్యి రానివాటి జోలికి పోదు, వచ్చినవే మళ్లీ మళ్లీ గీస్తుంది.

నేర్పేవాళ్లకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. నేర్చుకునేవాళ్ల బొమ్మ మీద మీ పెన్సిల్ పెట్టకండి. సవరణ చూపించాలంటే పక్కన వేరే కాగితం మీద గీయండి. ఒక బొమ్మకు ఒకే సవరణ చెప్పండి. ఏడు తప్పులు ఒకేసారి చెబితే గుర్తుండేది ఏడూ కాదు, తిట్టారన్న సంగతి ఒక్కటే.

ఇంకొక్క మాట. బొమ్మల మీదే కాదు, ఇష్టమైన ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, రోజంతా దిగులు, ఇవి రెండు వారాలకు మించి ఉంటే అది డ్రాయింగ్ సమస్య కాదు. పైన చెప్పిన పద్ధతులు దానికి చాలవు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి.

చివరగా మీ పత్రికకు ఒక విజ్ఞప్తి. పాఠకుల బొమ్మలు అచ్చువేసేటప్పుడు పూర్తయిన బొమ్మ ఒక్కటే వేస్తారు. దాని పక్కన చిన్న సైజులో ఆ బొమ్మకు ముందు వేసుకున్న చిత్తు స్కెచ్ కూడా అడిగి తీసుకుని వేయండి. కింద ఎంతసేపు పట్టిందో, ఎన్ని కాగితాలు అయ్యాయో ఒక వాక్యం ఉంటే చాలు. బొమ్మలు పంపేవారికిచ్చే సూచనల్లో "చిత్తుప్రతి కూడా జతచేయండి" అన్న ఒక్క లైను చేరిస్తే ఇది వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
డ్రాయింగ్ నేర్పే పనిలో ఉన్న ఒక పాఠకుడు